తల్లి పునర్వివాహం - కొడుకు దుఃఖం

వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారని మీకు తెలుసు. ఆనాటి వధువులు ఎక్కువగా బాలవితంతువులు. ఆ పెళ్లి చూసి నొచ్చుకోవడానికి వాళ్లకు ఎదిగిన కొడుకులు లేరు. ఇప్పుడు ఉంటున్నారు.

ఉదాహరణకు, కాచిగూడలో ఒక ఇల్లు ఊహించండి. తండ్రి పోయి ఎనిమిది నెలలయింది. డిగ్రీ చదివే కొడుకు నెలనెలా మాసికం పెడుతున్నాడు. సంవత్సరీకం కాకముందే తల్లి రిజిస్ట్రారు ఆఫీసులో మళ్లీ పెళ్లి చేసుకుంది. కొడుకు ఆమెతో మాట మానేశాడు.

తప్పెవరిదని వెతికితే మనకేమీ తెలియదు. స్ట్రోబ్, షూట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఒకటి, పోయినవారిని తలచుకుని బాధపడటం. రెండు, మారిన బతుకును సర్దుకోవడం. ఒకే ఇంట్లోనైనా ఇద్దరూ ఒకే సమయంలో ఒకే పనిలో ఉండరు. పైగా, ఆమెకు మరో భర్త దొరకవచ్చు. అతనికి మరో తండ్రి దొరకడు. అందుకే ఆమె సర్దుకోవడం అతనికి మరచిపోవడంలా కనిపిస్తుంది.

ఏడాది ఆగాలన్నది ఆచారమే. 1955 హిందూ వివాహ చట్టం వితంతువుకు గడువేదీ పెట్టలేదు. ముస్లిం స్త్రీకి మాత్రం ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. భార్య పోయిన మగవాడు ఏడాది తిరక్కుండా పెళ్లాడితే "పిల్లల్ని చూసేవాళ్లు కావాలి కదా" అని మనమే సమర్థిస్తాం.

బంధువులు రేపే భయం మరొకటుంది: ఆస్తి పరాయివాడి పాలవుతుందని. దీనికి పాత మూలం ఉంది. 1856 పునర్వివాహ చట్టం పెళ్లికి అనుమతించింది గానీ, మళ్లీ పెళ్లాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తి విషయంలో చనిపోయినట్లే లెక్క అంది. ఆ చట్టం 1983లో రద్దయింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన భర్త స్వార్జితంలో భార్యకూ, పిల్లలకూ, బతికి ఉంటే అతని తల్లికీ సమాన వాటాలు. ఆ తరువాత పెళ్లి చేసుకున్నా ఆమె వాటా పోదు. కొడుకు వాటా తగ్గదు.

ఇంటిపేరు సంగతి మరింత సున్నితం. తెలుగు కుటుంబానికి చెందిన ఒక కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు, భర్త మరణించాక పిల్లవాడి ఇంటిపేరు నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లిదేనని చెప్పింది. రికార్డుల్లో రెండో భర్తను "సవతి తండ్రి" అని రాయించాలన్న హైకోర్టు ఆదేశాన్ని తప్పుబట్టింది. ఆ మాట పిల్లవాడి మనసుపై చూపే ప్రభావాన్ని కోర్టు పట్టించుకుంది. అయితే అక్కడి పిల్లవాడు తండ్రి పోయేనాటికి పసికందు. కాచిగూడ అబ్బాయికి తండ్రి గొంతు గుర్తుంది.

అభ్యాసం: సంవత్సరీకం రోజున ఆ తల్లి ఇంటికి రావచ్చా? కొడుకు వైపు నుంచి ఒకసారి, తల్లి వైపు నుంచి ఒకసారి పది వాక్యాల్లో రాయండి.