సింక్ బటన్ చేతులెత్తేసింది, చెవి కాపాడింది: టర్న్‌టేబుల్ వర్సెస్ డీజే సాఫ్ట్‌వేర్

రాత్రి తొమ్మిదిన్నర. సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో మా పెదనాన్న కొడుకు బరాత్. డీజే బండి మీద నా ల్యాప్‌టాప్, నా కంట్రోలర్, వాటి వెనకాల నేను. "మావోడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డీజే గూడ వాడే కొడ్తడు" అని పెదనాన్న చుట్టాలందరికీ ముందే చెప్పేశాడు.

తీన్మార్ ట్రాక్ నడుస్తోంది. ముందు యాభై మంది ఊగిపోతున్నారు. తర్వాతి సినిమా పాట లోడ్ చేసి, ఎప్పట్లాగే సింక్ నొక్కి, క్రాస్‌ఫేడర్ జరిపాను. అంతే, పాట ఒక్కసారిగా నీరసపడిపోయింది, జ్వరం వచ్చినోడు పాడుతున్నట్టు. దాని దరువు ఒకవైపు, తీన్మార్ ఇంకోవైపు. ఎగురుతున్న కాళ్లు ఆగిపోయాయి. గుర్రం మీద నుంచి మా అన్న వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

సౌండ్ సిస్టమ్‌తో పాటు వచ్చిన డీజే అన్న అప్పటిదాకా జనరేటర్ పక్కన చాయ్ తాగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టి బండెక్కాడు. "సింక్ బంద్ చెయ్ తమ్మీ. స్క్రీన్ దిక్కు చూడకు, ఇను" అన్నాడు. హెడ్‌ఫోన్ ఒక్క చెవికి పెట్టుకుని, టెంపో స్లైడర్ కొంచెం జరిపి, జాగ్ వీల్‌ను వేలితో రెండుసార్లు తట్టాడు. పది సెకన్లు పట్టిందేమో, రెండు దరువులూ అతుక్కున్నాయి. జనం మళ్లీ మొదలెట్టారు.

"ఎక్కడ నేర్చుకున్నవన్నా?" అని అడిగితే, "టేబుల్స్ మీద" అన్నాడు. అంటే వినైల్ టర్న్‌టేబుల్స్. తర్వాతి ఆదివారం బోయిన్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాను. రివ్యూలు రాసేవాడిని కదా, ఏది బెటరో తేల్చుకుందామనే వెళ్లాను.

సాఫ్ట్‌వేర్ ఎందుకు బోల్తా పడింది?

ముందు నా తప్పు చెప్తా. చాలా డీజే సాఫ్ట్‌వేర్లు పాటను లోడ్ చేయగానే విశ్లేషించి, దాని బీపీఎం కనుక్కుని, వేవ్‌ఫామ్ మీద సమాన దూరంలో గీతలు గీస్తాయి. దాన్నే బీట్‌గ్రిడ్ అంటారు. సింక్ బటన్ పని రెండు పాటల గ్రిడ్లనూ కలపడం మాత్రమే. గ్రిడ్ తప్పయితే సింక్ కూడా తప్పే.

ఈ విశ్లేషణకు క్లబ్ మ్యూజిక్ చాలా తేలిక. ఒక్కో దెబ్బ రెండుగా, నాలుగుగా విడిపోతుంది. తీన్మార్‌లో ఒక్కో అడుగు మూడు చిన్న దెబ్బలుగా విడిపోతుంది. ఆ రోజు ట్రాక్‌లో కాలు పడేది నిమిషానికి 96 సార్లు. అంటే చిన్న దెబ్బలు 288. సాఫ్ట్‌వేర్ ఆ చిన్న దెబ్బలను రెండేసి చొప్పున లెక్కేసుకుని 144 అని చూపించింది. నా సినిమా పాట 98. సింక్ నొక్కగానే 144కి ఎక్కించడం కష్టమని, అందులో సగం 72కి దించేసింది. పాటకు జ్వరం వచ్చింది అందుకే.

అన్న చేసింది 98ని 96కి తేవడం. రెండు శాతం తేడా, అంతే. ఆ రెండు శాతం స్క్రీన్ మీద ఎక్కడా లేదు, చెవిలో ఉంది.

టర్న్‌టేబుల్: చెవికి ట్రైనింగ్ ఇచ్చే మెషీన్

అన్న దగ్గర ఉన్నవి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మోడల్ జత. ఈ సిరీస్ 1972లో ఇంట్లో పాటలు వినే ప్లేయర్‌గా వచ్చింది. 1979లో వచ్చిన ఎంకే2 వెర్షన్‌లో క్వార్ట్జ్ లాక్, ప్లస్ ఆర్ మైనస్ 8 శాతం పిచ్ స్లైడర్ పెట్టారు. దాంతో అది డీజేల ఆయుధమైపోయింది. 2010లో తయారీ ఆపేసి, అభిమానులు వదలకపోవడంతో 2016లో మళ్లీ మొదలుపెట్టారు. మనం మూడేళ్లకే ఫోన్ పాతబడిందంటాం. ఈ డిజైన్ యాభై ఏళ్లు దాటినా నడుస్తోంది.

దీని రహస్యం డైరెక్ట్ డ్రైవ్. మామూలు ప్లేయర్‌లో మోటార్ ఒక పక్కన ఉండి రబ్బర్ బెల్ట్‌తో పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపితే బెల్ట్ సాగుతుంది, వేగం అందుకోవడానికి టైమ్ పడుతుంది. ఇక్కడ పళ్లెం సరిగ్గా మోటార్ మీదే కూర్చుంటుంది. వదిలితే 0.7 సెకన్లలో పూర్తి వేగం. కింద పళ్లెం తిరుగుతూనే ఉండగా, దానిమీద జారే స్లిప్‌మ్యాట్ వల్ల రికార్డును చేత్తో పట్టుకుని ఆపొచ్చు, వెనక్కి లాగొచ్చు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆయన చేసింది కూడా పాటలో జనం ఎగిరే చిన్న డ్రమ్స్ ముక్కను రెండు ప్లేయర్ల మీద సాగదీయడమే.

నేను కూర్చుని ట్రై చేశాను. స్క్రీన్ లేదు, వేవ్‌ఫామ్ లేదు. ఒక రికార్డు స్పీకర్లలో, రెండోది హెడ్‌ఫోన్‌లో. రెండు కిక్ డ్రమ్‌లు ఒకేసారి పడాలి. వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా నిమిషం తిరిగేసరికి 60 మిల్లీసెకన్ల దూరం వచ్చేస్తుంది. ఒక దెబ్బ పడాల్సిన చోట "ధడ్‌ధడ్" అని రెండు వినిపిస్తాయి. అంటే ఒకసారి కలిపేసి చేతులు కట్టుకుంటే కుదరదు, మిక్స్ అయ్యేదాకా వేలితో సర్దుతూనే ఉండాలి. మొదటి గంటంతా నాకు అర్థమైంది ఒక్కటే: ఏ రికార్డు ముందుంది, ఏది వెనకుంది అన్నది కూడా నా చెవి చెప్పలేకపోతోంది. రెండేళ్లుగా డీజే అని చెప్పుకు తిరుగుతున్నా మరి!

మరి వినైలే గొప్పదా? ఆగండి

ఇక్కడిదాకా చదివి టర్న్‌టేబుల్ కొనడానికి పరిగెత్తకండి. మన పాటలతో దానికి పెద్ద చిక్కుంది.

డీజేల కోసం అమెరికాలో 1970ల డిస్కో కాలంలోనే 12 అంగుళాల సింగిల్స్ వచ్చాయి. ఒక పక్క మొత్తం ఒకే పాట. గాడి వెడల్పుగా ఉంటుంది కాబట్టి బేస్ గట్టిగా వస్తుంది. మన తెలుగు సినిమా రికార్డులు ఇంట్లో కూర్చుని వినడానికి వచ్చినవి. ఒక్కో పక్క మూడు నాలుగు పాటలు ఇరికించాలి, గాళ్లు సన్నం. 1980లలో క్యాసెట్లు వచ్చి రికార్డులను తోసేశాయి. మనం ఇవాళ డీజే పాటలు అంటున్నవి, ఆ బరాత్ రీమిక్స్‌లు, ఫోక్ రీమిక్స్‌లు, ఎంపీ3, పెన్‌డ్రైవ్, యూట్యూబ్ కాలంలో పుట్టినవి. అవి రికార్డు మీద కావాలంటే దొరకడం దాదాపు అసాధ్యం.

రెండోది, గొంతు. టర్న్‌టేబుల్ మీద వేగం పెంచితే స్వరం కూడా పెరుగుతుంది. 8 శాతం పెంచితే ఒక సెమిటోన్ దాటిపోతుంది. ఇన్‌స్ట్రుమెంటల్ అయితే పర్లేదు. ఎస్పీ బాలు గొంతు అలా మారితే మనింట్లో అమ్మమ్మ కూడా పట్టేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో కీ లాక్ ఆన్ చేస్తే వేగం మాత్రమే మారుతుంది.

మూడోది, బరాత్ బండి. నీడిల్ పని సూక్ష్మమైన వణుకును కరెంటుగా మార్చడం. గుంతల్లో ఊగే బండి మీద, పక్కనే సబ్‌వూఫర్లు పెట్టి దాన్ని నడపమంటే, గాడి వణుకు బదులు స్పీకర్ల వణుకే మళ్లీ నీడిల్‌లోకి వెళ్లి హోరు మొదలవుతుంది. లేదంటే నీడిల్ ఎగిరిపోతుంది. అన్న కూడా టేబుల్స్‌ను ఎప్పుడూ బండెక్కించలేదట.

ఇక స్టెమ్స్. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్ అనే ఓపెన్ సోర్స్ టూల్ విడుదల చేసింది. పూర్తయిన పాటలో నుంచి గొంతు, డ్రమ్స్, బేస్ విడదీస్తుంది. తర్వాత కొన్నేళ్లలోనే డీజే సాఫ్ట్‌వేర్లు ఆ పనిని పాట నడుస్తుండగానే చేయడం మొదలెట్టాయి. పాత పాట గొంతు తీసి తీన్మార్ మీద పెట్టడం ఇప్పుడు ఒక బటన్. వినైల్‌కు ఇది కలలో కూడా కుదరదు.

మధ్యలో ఒక దారి: టైమ్‌కోడ్

ఈ ఐడియా వింటే మనలాంటి వాళ్లకు మజా వస్తుంది. రికార్డు మీద పాట ఉండదు, ఒక టోన్ ఉంటుంది. టోన్ ఫ్రీక్వెన్సీ చూసి సాఫ్ట్‌వేర్ వేగం తెలుసుకుంటుంది. ఎడమ, కుడి చానెళ్ల మధ్య ఫేజ్ తేడా చూసి రికార్డు ముందుకు తిరుగుతోందా వెనక్కా అన్నది తెలుసుకుంటుంది. టోన్‌లోనే దాచిన బిట్లను చదివి నీడిల్ ఎక్కడుందో పట్టేస్తుంది. చెయ్యి రికార్డు మీద, పాట ల్యాప్‌టాప్‌లో. 2000ల మొదట్లో ఫైనల్ స్క్రాచ్, 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ దీన్ని జనంలోకి తెచ్చాయి. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మిక్స్ కూడా టైమ్‌కోడ్ రికార్డులను చదువుతుంది.

ఇక్కడ లేటెన్సీ మాట వస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ అంటే 5.8 మిల్లీసెకన్లు. 1024 పెడితే 23. స్క్రాచ్ చేసేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. బ్లూటూత్ స్పీకర్‌తో ప్రాక్టీస్ చేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట: వద్దు. అక్కడ ఆలస్యం వందకు పైగా మిల్లీసెకన్లు ఉండటం మామూలే. వైరే పెట్టండి.

చెవి ఇప్పుడే ఎందుకు ముఖ్యం?

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. లష్కర్ బోనాలు, గణేష్ నిమజ్జనం సీజన్ మీద బతికే డీజేలకు అది గట్టి దెబ్బ. అన్న దాని గురించి ఏడవలేదు, తిట్టలేదు. "పెద్ద డబ్బాలు పెట్టి గెలిచే కాలం అయిపోయింది తమ్మీ. ఇగ హాల్లో చిన్న సిస్టమ్ మీద మంచిగ కలిపెటోన్నే పిలుస్తరు" అన్నాడు. సౌండ్ తగ్గితే తప్పులు దాక్కోవు. ఆ మాటతో నేను తేల్చుకుందామని వెళ్లిన ప్రశ్న మారిపోయింది. ఏ మెషీన్ బెటర్ అని కాదు, నాకు నేర్పేది ఏది, ఫంక్షన్‌లో పని కానిచ్చేది ఏది అన్నదే ప్రశ్న.

ఏది కొనాలి?

కొత్తగా మొదలెట్టేవాళ్లు: మిడ్‌రేంజ్ ఫోన్ ధరలో దొరికే రెండు చానెళ్ల కంట్రోలర్ చాలు. ల్యాప్‌టాప్ మీ దగ్గర ఉండే ఉంటుంది. లేకపోతే ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. కానీ మొదటి నెల సింక్ బటన్ మీద ఇన్సులేషన్ టేప్ వేయండి. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ దాచేయండి.

స్క్రాచింగ్ మీద ప్రేమ ఉన్నవాళ్లు: డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, టైమ్‌కోడ్. బెల్ట్ డ్రైవ్ చవగ్గా వచ్చిందని మాత్రం కొనకండి.

బరాత్‌లు, సంగీత్‌లు చేసేవాళ్లు: కంట్రోలరే. తీన్మార్, జానపదం, పాత ఆర్కెస్ట్రా పాటల గ్రిడ్ ఇంట్లోనే చెక్ చేసి, బీపీఎం తప్పుంటే చేత్తో సరిచేసి సేవ్ చేసుకోండి. కాలితో లెక్కపెట్టిన నంబర్‌ను నమ్మండి.

నేను టర్న్‌టేబుల్ కొనలేదు. జత కొత్తవి, మిక్సర్ కలిపితే బైక్ వచ్చేస్తుంది. ఆదివారాలు మాత్రం బోయిన్‌పల్లి వెళ్తున్నా. మూడు నెలల తర్వాత తిరుమలగిరిలో మా చెల్లి సంగీత్‌లో మళ్లీ కంట్రోలర్ ముందు నిలబడ్డాను. సింక్ మీద నల్ల టేప్. తీన్మార్ నుంచి సినిమా పాటలోకి వెళ్లేటప్పుడు ఒకచోట జారింది, రెండు తట్లతో సర్దాను. ఎవరూ ఆగలేదు. కిందికి దిగాక పెదనాన్న, "ఈసారి మెషీన్ మంచిది తెచ్చినట్టున్నవ్ రా" అన్నాడు.

మెషీన్ అదే.