మారేది ఒక్క పాయే

జంతుకణం రెండుగా చీలేటప్పుడు నడుము దగ్గర నొక్కుకుపోయి తెగుతుంది. మొక్క కణానికి చుట్టూ గట్టి గోడ. ఆ వీలు లేదు. అందుకే అది మధ్యలోంచే అడ్డుగోడ మొదలుపెడుతుంది. కణంలోని గాల్జీ అనే భాగం నుంచి బయలుదేరిన వెసికిల్స్ అనే అతి చిన్న తిత్తులు గోడకు కావలసిన సరుకుతో కణం నడిమధ్యకు చేరి, ఒకదానిలో ఒకటి కలిసి పలకగా మారతాయి. పలక అంచులవైపు పెరుగుతూ పాత గోడను అందుకుంటుంది.

తిత్తులు వాటంతట అవి కలవవు. కలిపేవి స్నేర్ ప్రోటీన్లు. నాలుగు పాయలు జడలా బిగుసుకుంటూ రెండు పొరలనూ దగ్గరికి లాగి ఒకటి చేస్తాయి. జడ విప్పేందుకు కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టే వేరే ప్రోటీన్ ఉంది. ఈ యంత్రాన్ని 1993లో జేమ్స్ రాత్‌మన్ బృందం పట్టుకున్నది ఆవు మెదడులో. 2013 నోబెల్‌లో ఆయనకు భాగం దక్కింది.

మొక్కల్లో దీని జాడ వేరే దారిన దొరికింది. ఈగల పిండాలపై పనిచేసి మొక్కలవైపు వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త గెర్డ్ యుర్గెన్స్, ఆవ కుటుంబపు చిరుమొక్క అరబిడాప్సిస్‌లో పిండం రూపు చెడిన రకాలను వెతికించాడు. 1991లో ఆయన బృందం ప్రకటించిన జాబితాలో క్నోలె ఒకటి. ఆ పిండంలో కణాలు ఉబ్బి ఉంటాయి, అడ్డుగోడలు సగంలో ఆగిపోతాయి, ఒకే కణంలో పలు కేంద్రకాలుంటాయి. 1996లో ఆ జన్యువు చదివితే తేలింది: అది తయారుచేసేది స్నేర్ పాయే! మెదడులో నాడీసంకేతాలను వదిలే ప్రోటీన్‌కు చుట్టం. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దాని ఆయుష్షు. కణం విభజనకు దిగినప్పుడే పుడుతుంది. గోడ పూర్తవగానే కణమే దాన్ని రిక్తికలోకి పంపి నాశనం చేస్తుంది.

2003లో పెన్1 అనే మరో పాయ బయటపడింది. దీనిది కాపలా పని. మన మామిడి పూతపైనా, మినుము ఆకుల మీదా కనిపించే బూడిద తెగులు తెలుసుగా. ఆ కోవదే బార్లీని పట్టే శిలీంద్రం. మామూలుగా అది అరబిడాప్సిస్‌లోకి దూరలేదు. అది గోడ తొలిచే చోట పెన్1 గుమిగూడుతుంది, రక్షణ సరుకు తెచ్చిన తిత్తులు అక్కడ ఖాళీ అవుతాయి. పెన్1 లేని మొక్కలోకి శిలీంద్రం తేలిగ్గా చొరబడుతుంది.

క్నోలె, పెన్1 రెండింటికీ జతపడేవి ఒకటే: రెండు పాయలనిచ్చే స్నాప్33, తిత్తి మీదుండే వ్యాంప్721 లేదా 722. గోడ కట్టే జడలో ఒక్క పాయ మారిస్తే శత్రువును ఆపే జడ తయారు. కదలలేని ప్రాణికి ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు నాకు తోచదు.

అయితే ఆ పొదుపుకు వెల ఉంది. పెన్1 ఒక్కటే పోతే మొక్క బాగానే పెరుగుతుంది, కాపలా మాత్రం సడలుతుంది. రెండు జడలకూ కావలసిన వ్యాంప్721, 722 రెండూ పూర్తిగా పోతే మొక్క మొలక దశ దాటదు.