వీపున సముద్రం, ఎదుట వెలిగొండ

నెల్లూరు జిల్లాకు రెండు ముఖాలు. సముద్రం వైపు తిరిగినది లోకానికంతా తెలుసు: మైపాడు తీరం, కృష్ణపట్నం ఓడరేవు, రొయ్యల గుంటలు. పడమటి ముఖం వెలిగొండలు. జిల్లా పొడుగునా గోడ కట్టినట్టు నిలబడిన ఆ కొండల సంగతి కారులో పోయేవాళ్లకు చివరిదాకా తెలియదు. సైకిలు తొక్కేవాడికి ముందే తెలుస్తుంది. నేల ఎత్తుకోవడం మొదలుపెట్టిన చోటు కంటికి ఆనకముందే తొడలకు ఆనుతుంది.

ఈ తీరం చాలావరకు ఆ కొండా, పెన్నేరూ పెట్టిన భిక్ష. వరి పండే ఒండ్రు, బావుల్లో తీపి నీళ్లు, ఒడ్డున కాలికింద నలిగే ఇసుక, అన్నీ పైనుంచి దిగి వచ్చినవే. మైపాడు దగ్గర మొదలుపెట్టి ఉదయగిరి దాకా తొక్కితే, ఏరు కిందికి తెచ్చిన వాటి వెంట మనం పైకి పోతాం. పొద్దున్నే కెరటం దగ్గర బయలుదేరి, సాయంత్రానికి 3,079 అడుగుల దుర్గం కొండ కింద కాలు మోపవచ్చు. ఇంత వైవిధ్యం ఒక్క రోజు తొక్కుడులో దొరికే దారులు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

మైపాడు నుంచి నెల్లూరు దాకా నేల చాపలా పరిచినట్టే ఉంటుంది. బకింగ్‌హాం కాలువ దాటగానే ఉప్పు వాసన సన్నగిల్లి, తడి మడుల వాసన మొదలవుతుంది. కాస్త పక్కకు తిరిగితే పెన్న ఒడ్డున పల్లెపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఇక్కడికి వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. చెట్ల నీడలో ఏటి గాలి తగులుతూ ఉంటే సైకిలు స్టాండు వేసి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. కూర్చోవాలి కూడా. ముందు దారి చాలా ఉందన్న తొందరలో ఈ చోటును దాటేసిపోవడం తప్పు.

నెల్లూరు దగ్గర పెన్న వెడల్పు చూస్తే నీటికన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన నడిచిన ఊరు ఇదే. 1855లో ఇక్కడ ఆనకట్ట కట్టాక డెల్టా రూపు మారింది. మొలగొలుకుల బియ్యం పేరు మద్రాసు దాకా పాకింది ఈ మడుల వల్లనే. బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సంగం చేరేదాకా కాలువలూ చేలూ మన పక్కనే నడుస్తుంటాయి. దారి చదునుగా ఉంటుంది కనుక ఇక్కడ వేగంగా పోవచ్చు, పోతేనే మంచిది. వెలిగొండల్లో పుట్టిన బొగ్గేరు, బీరాపేరు ఈ ప్రాంతంలోనే పెన్నలోకి దిగుతాయి. అంటే మనం చేరబోయే కొండ నీళ్లు మనకు ఇక్కడే ఎదురొచ్చాయన్నమాట.

ఆత్మకూరు దాటాక నేల మారుతుంది. నల్లటి తడి మట్టి పోయి ఎర్ర మట్టి, దాంట్లో తెల్ల పలుగురాళ్లు. మడుల బదులు చెట్టు చేమా, తుమ్మలు, రేగుపొదలు, కలివి పొదలు. రోడ్డు ఒక మిట్ట ఎక్కి దిగుతుంది, ఇంకో మిట్ట ఎక్కుతుంది, ఈసారి దిగడం తక్కువ. గేరు తగ్గించి ఊపిరి సర్దుకునేలోపు మూడోది వస్తుంది. సన్న టైరు కింద కంకర కరకరలాడుతుంటే, పక్క గట్టు మీద రేకులు రేకులుగా విరిగిన రాయిలో అభ్రకం పొద్దుకు తళుక్కుమంటుంది. గోటితో గీరితే ఉల్లిపొర కన్నా పలచని రేకు లేచి వస్తుంది. వేలిమీద పెట్టి చూస్తే అవతలి వేలిగీతలు కనిపిస్తాయి. దక్షిణాన గూడూరు, సైదాపురం వైపు దొరికే పచ్చఛాయ అభ్రకం ఒకప్పుడు కరెంటు యంత్రాలకూ రేడియోలకూ తప్పనిసరి సరుకు. నెల్లూరు మైకా పేరుతో సముద్రాలు దాటింది.

ఈ దారిలో సైకిలును ఆపేది ట్రాఫిక్ కాదు, గొర్రెలు. కళ్లచుట్టూ మూతి దగ్గరా నల్ల మచ్చలున్న తెల్లటి పొడుగుకాళ్ల జొడిపి గొర్రెలు రోడ్డంతా నిండి ఉంటాయి. మన దేశపు గొర్రె జాతుల్లో ఎత్తైనది నెల్లూరు జాతి. హారన్ కొట్టే లారీకి అవి చెదురుతాయి గానీ, నెమ్మదిగా పోయే సైకిలు చుట్టూ తామే దారి ఇచ్చి మళ్లీ కలిసిపోతాయి. కర్ర భుజాన వేసుకున్న పెద్దాయన ఎగాదిగా చూసి, "యాడికి నాయనా, ఎండలో?" అన్నాడు.

"ఉదయగిరికి తాతా."

"బస్సులుండాయి గదా!" అని, నా మొహం చూసి మళ్లీ తానే, "పోనీలే, తూరుపు గాలి వీపునే తోస్తాది పో" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పొద్దున పూట గాలి నేల మీదనుంచి సముద్రం వైపు పోతుంది కనుక కొంచెం ఎదురు కొడుతుంది. ఎండ ఎక్కి నేల కాగితే తిరగబడి, సముద్రపు గాలి లోపలికి వస్తుంది. మిట్టలు మొదలయ్యే వేళకే ఆ గాలి వీపుకు తగులుతుంది. అయితే ఇది చలికాలపు మాట. ఈ జిల్లాకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో పడతాయి. ఆ వెంటనే వచ్చే జనవరి, ఫిబ్రవరి ఈ దారికి మంచి రోజులు. చెరువులు నిండి, కొండ పచ్చగా ఉంటుంది. మే నెలలో పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. అప్పుడు ఎవరూ సాహసించకూడదు.

క్రమంగా కొండలు ఆకాశపు అంచు నుంచి విడిపడి దగ్గరవుతాయి. వెలిగొండ రాయి వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న ఇసుకే కాలగతిలో బిగుసుకుని, భూమి ఒత్తిడికి మడతలుపడి ఈ గట్టి రాయిగా లేచింది. ఇంత గట్టి గోడను దక్షిణాన సోమశిల దగ్గర పెన్న నిలువునా కోసుకుని బయటికి వచ్చింది. ఆ సందులోనే ఇప్పుడు డ్యాము ఉంది. శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్లు సోమశిల చేరి, కండలేరు మీదుగా మద్రాసు వాళ్ల దాహం తీరుస్తాయి. తొలిసారి 1996లో తమిళ నేల చేరాయి.

ఈ కొండలకూ వీటి చుట్టుపక్కల కనుమలకే సొంతమైన చెట్టు ఎర్రచందనం. మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలిన నల్లటి బెరడు, కాడకు మూడేసి ఆకులు. చూడగానే గొప్పగా అనిపించదు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు కోసం ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఈ కొండల పొదల్లోనే ఇంకో వింత ఉంది, కలివికోడి. 1840లలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్, ఇక్కడి యానాదుల దగ్గర పక్షుల పేర్లూ నడతలూ నేర్చుకున్నాడు. ఆయన ద్వారా 1848లో ఈ పిట్ట లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కొండకు అవతల, కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. పగలు పొదల్లో దాగి రాత్రి తిరిగే పిట్ట కనుక మన లాంటి దారిన పోయేవాళ్లకు దొరకదు. దాని పొదలు మిగిలితే చాలు.

ఉదయగిరి ఊరు కొండ పాదాన ఉంటుంది. పైన నిటారు కొమ్ములు, వాటిని అంటిపెట్టుకుని కోట గోడలు, ఒకచోట గుడి, ఒకచోట గోల్కొండ కాలపు మసీదు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. పైకి ఉన్న ఒకే బాట మనుషులు ఒకరి వెనక ఒకరు పోవలసినంత ఇరుకట. రాయలు రాళ్లు పగలగొట్టించి వెడల్పు బాటలు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. రోజంతా రోడ్డు మీదే గడిపినవాడికి ఈ మాట మిగతా యుద్ధవర్ణనలన్నిటికన్నా లోతుగా తగులుతుంది. రాయలు ఇక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడికి హంపీలో గుడి కట్టి 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. సైకిలు కిందే వదిలి మెట్ల దారి ఎక్కితే, దాడికి ఏడాదిన్నర ఎందుకు పట్టిందో మోకాళ్లే చెబుతాయి. అయితే ఆ ఎక్కుడు మర్నాటి పొద్దుటికి ఉంచుకోవాలి. తొక్కిన కాళ్లతో అదే సాయంత్రం ఎక్కకూడదు.

ఇటలీలో కియాంటీ కొండల మధ్య పాత మట్టి రోడ్ల మీద 1997 నుంచి పాత సైకిళ్ల పండగ జరుగుతోంది. దానికోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. తెల్లటి దుమ్ము రోడ్లకు తారు వేయకుండా కాపాడుకోవాలన్న పట్టుదలతో మొదలైన పని అది. మన ఉదయగిరి దారికి అంతకన్నా తక్కువేమీ లేదు. మన వాళ్లు కొంచెం చూపు పెట్టాలి: రోడ్డు వెడల్పు చేసే చోట చింతచెట్లను ఉంచాలి, దుర్గం మెట్ల దారిలో ముళ్లు కొట్టించాలి.

ఉదయగిరి ఊళ్లో ఇంకా చెక్క గరిటెలూ ఫోర్కులూ చెక్కే ఇళ్లున్నాయి. నర్ది, బిక్కి, కలివి లాంటి అడవి కర్రలు. ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, పిడి కొసన సన్నని పూలూ తీగలూ దిద్దుతారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. చేతిలో పెడితే ఫోర్కు తూకం కాగితమంత. వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బేరం ఆడకుండా కొనండి. నాలుగు గరిటెలు హ్యాండిల్ సంచిలో హాయిగా పడతాయి.

తిరుగు దారికి తెల్లవారుజామునే బయలుదేరాలి. అప్పటి గాలి కొండ మీదనుంచి సముద్రం వైపే పోతుంది. పల్లం కూడా అటే. మిట్టలు పొద్దెక్కకముందే అయిపోతాయి. సంగం దాటేసరికి తూర్పు గాలి లేచి ఎదురు కొడుతుంది కనుక, బుచ్చిరెడ్డిపాళెంలో టిఫిను చేసి బాటిళ్లు నింపుకోవడం మంచిది.