జారుబాటలో చక్రము – పసుపు దీపము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు మార్గములో తొలకరి వానలు పడగానే నేల స్వభావము మారును. తారుబాట అంచున మట్టి మెత్తబడును. ప్రధానమార్గము విడిచి అడవిపల్లెలకు మళ్ళినచోట బురద మరింత ఎక్కువ. గోదావరి పొంగినపుడు చెప్పనక్కరలేదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. అట్టి వరద తీసిన పిదప మునిగిన బాటలపై ఒండ్రు పేరుకొనును. ఇట్టిచోట కారు ఆగి, చక్రము గిరగిర తిరుగుచుండగా, చోదకుని ఎదుట ఒక పసుపు దీపము మినుకుమినుకుమనును. అందులో కారు బొమ్మయు, దాని వెనుక రెండు వంకర గీతలును ఉండును. ఇది యంత్రము చెడినదనుటకు గుర్తా? రోగిని ఆసుపత్రికి కొనిపోవుచున్నపుడు ఈ ప్రశ్నకు సరియైన జవాబు తెలిసియుండుట ఎంతో అవసరము.

ఎద్దు గిట్ట – కారు చక్రము

ఎడ్లబండిలో చక్రము దొర్లును, అంతే. నేలను వెనుకకు తన్ని బండిని లాగునది ఎద్దు గిట్ట. కారులో ఆ పనియు చక్రమే చేయవలెను. టైరు నేలను వెనుకకు నెట్టగా, నేల టైరును ముందుకు నెట్టును. దీనికి ఆధారము ఘర్షణ. పొడి తారుపై ఒక చక్రమునకు దొరకు పట్టు, దానిపై పడు బరువులో పదింట ఏడెనిమిది వంతులు. జారు బురదలో పదింట ఒకటి రెండు వంతులే కావచ్చును. ఎంజిను త్రోపు ఆ హద్దు మించెనా, చక్రము ఉన్నచోటనే తిరుగును. అట్లు తిరుగు చక్రమునకు ప్రక్కకు జారకుండ ఆపు శక్తియు తగ్గును. కావున వంపులలో అపాయము కలుగును.

చిక్కు ఎచ్చట?

మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము నడవవలెను. అందులకై రెండింటి నడుమ డిఫరెన్షియల్ అను పళ్ళచక్రాల అమరిక ఉండును. ఇది రెండు చక్రములకును త్రిప్పు బలమును సమముగా పంచును. ఈ సమానత్వమే బురదలో శత్రువగును.

ఒక లెక్క చూడుడు. 1,200 కిలోల కారులో ఎంజిను త్రిప్పు రెండు ముందు చక్రములపై తలకొక 350 కిలోల బరువు పడినదనుకొందము. ఒకటి పొడి తారుపైన, రెండవది బురదలోన ఉన్నవి. బురదలోని చక్రము పట్టు 35 కిలోలు. తారుపైది 245 కిలోల పట్టు పట్టగలిగియు, సమపంపకము వలన 35 మాత్రమే పొందును. మొత్తము 70. పది అడుగులకు ఒక అడుగు లేచు మిట్ట ఎక్కుటకు ఈ కారునకు కనీసము 120 కిలోల బలము కావలెను. కనుక కారు కదలదు.

ఉపాయము

ప్రతి చక్రము వద్దను దాని వేగమును కనిపెట్టు సెన్సారు ఒకటి ఉండును. ఎలక్ట్రానిక్ యంత్రము ఆ నాలుగు వేగములను క్షణక్షణము పోల్చుచుండును. ఒక చక్రము తక్కినవానికంటె అతివేగముగ తిరిగినచో ఎంజిను బలమును తగ్గించును, లేదా ఆ చక్రమునకు మాత్రమే బ్రేకు వేయును. బ్రేకు అడ్డగింపు చేరగా, అంతే బలము డిఫరెన్షియల్ ద్వారా రెండవ చక్రమునకు అందును. పై లెక్కలో 210 కిలోలకు సమానమైన బ్రేకు పడినచో తారుపై చక్రమునకు 245 లభించును. మొత్తము 280 కాగా కారు మిట్ట ఎక్కును. ఇదియే ట్రాక్షన్ కంట్రోలు. బ్రేకు వేసినపుడు చక్రములు బిగిసిపోకుండ చూచు ఏ.బి.యస్. పరికరములే దీనికిని ఆధారము. ఏ.బి.యస్. 1978లో జర్మనీ కార్లలో ప్రవేశించెను. మనదేశమున 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లన్నిటికిని తప్పనిసరి అయినది.

దీపము చెప్పు మాట

తాళము త్రిప్పగానే దీపము వెలిగి ఆరినచో అది స్వయంపరీక్ష మాత్రమే. నడకలో మినుకుమినుకుమన్నచో సాధనము పనిచేయుచున్నదని, బాట జారుచున్నదని అర్థము. అపుడు వేగము తగ్గించవలెను. ఆరక నిలిచి వెలిగినచో మీట నొక్కి దానిని ఆపియుండవచ్చును, లేదా లోపము ఉండవచ్చును. సెన్సారుపై బురద పేరుకొనుట, దాని తీగ తెగుట, బ్యాటరీ బలహీనపడుట, వేర్వేరు కొలతల టైర్లు వేయుట ఇందుకు సామాన్య కారణములు. కారు నడచును గాని ఈ రక్షణ ఉండకపోవచ్చును. ఏ.బి.యస్. దీపముకూడ వెలిగినచో బ్రేకు గట్టిగా వేసినపుడు చక్రములు బిగియవచ్చును. కనుక నెమ్మదిగా నడపి, త్వరలో మరమ్మతు చేయించవలెను. ఎఱ్ఱని బ్రేకు దీపము వెలిగినచో వెంటనే ఆగవలెను.

లోతు బురదలో సాధనము ఎంజిను బలమును మరీ తగ్గించుటచే కారు కూరుకొనిపోవచ్చును. అట్టిచోట మీట నొక్కి దానిని కాసేపు ఆపి, చక్రము క్రింద రాళ్ళో కొమ్మలో పరచి, మెల్లగా బయటపడవలెను. తారుబాట చేరగానే మరల పనిచేయించుట మరువరాదు.

ఈ సాధనము లేని పట్టును పుట్టించజాలదు, ఉన్న పట్టును వృథా కానీయదు. రెండు చక్రములును బురదలో ఉన్నచో, లేదా టైర్ల గాళ్ళు అరిగిపోయినచో, దానికి పంచుటకేమియు మిగులదు. వానకాలమునకు ముందు టైర్లను చూచుకొన్న చోదకునికే ఆ పసుపు దీపము మిత్రమగును.