సింహాసనమున కెవరు వారసులు?

రాజు మరణించినపుడు రాజ్యమెవరికి చెందవలెనని మా విద్యార్థులు చరిత్ర తరగతిలో తరచుగా నడుగుచుందురు. పెద్దకుమారునకని యొక్కమాటలో చెప్పి ముగింపవచ్చును. కాని కుమారుడే లేనియెడల నేమి? ఉన్నవాడు పసిబిడ్డయైన నేమి? చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఓరుగంటిలో గణపతిదేవునకు పుత్రులు లేకపోవుటచే కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలెను. ఆమె పిమ్మట నామె కుమార్తె కొడుకైన ప్రతాపరుద్రునకు పట్టమయ్యెను. విజయనగరమున రాజు సేనను నడుపగలవాడై యుండుట ముఖ్యము. కావుననే 1529 లో మరణించిన శ్రీకృష్ణదేవరాయలు, పసివాడగు కుమారుని గాక, సోదరుడగు అచ్యుతదేవరాయలనే తన వెనుక రాజుగా నేర్పరచెను.

ఇక మన నెల్లూరు సీమవారు మరువరాని యుదాహరణ మొకటి కలదు. 1610 లో డచ్చివారికి పులికాటు రేవున వర్తకము చేసికొన ననుమతి నొసగిన రెండవ వేంకటపతిరాయలకు పలువురు భార్యలున్నను సంతానము లేదు. గొబ్బూరివారి యాడుబిడ్డయైన యొక రాణి పరులబిడ్డను తెప్పించి, తన కడుపున పుట్టినవాడని చాటెను. రాయలు నిజమెరిగియు బయలుపెట్టలేదు. ఆ మౌనమే పిమ్మటి యనర్థములకు మూలమని మా యభిప్రాయము. 1614 లో మరణశయ్యపై నుండి, తన సోదరుని కుమారుడగు శ్రీరంగరాయలకు ఆయన రాజ్యము నొప్పగించెను. గొబ్బూరి జగ్గరాయడు దాని నొప్పక, క్రొత్తరాజును సకుటుంబముగా చెరబెట్టి, ఆ బాలునే ప్రభువని ప్రకటించెను.

వెలుగోటి యాచమనాయకుడు మాత్రము తలవంచలేదు. వేంకటగిరి ప్రభువులది ఈ వెలుగోటి వంశమే. వారి పేర్లలోని 'యాచేంద్ర' శబ్దమును మన జిల్లాలో విననివా రరుదు. చెరలోనున్న రాజుగారి రెండవ కుమారుడు రామదేవుని ఒక చాకలి మైలబట్టల మూటలో దాచి కోట దాటించెనని, పోర్చుగీసు పాదిరి బర్రదాసు 1616 లో వ్రాసిన లేఖ చెప్పుచున్నది. రాయల వంశపు వారసత్వమంతయు నానాడొక చాకలిమూటలో నుండెను! పిమ్మట జగ్గరాయడు శ్రీరంగరాయలను, చెరలో మిగిలిన కుటుంబమును చంపించెను. కావేరీతీరమున తోపూరు యుద్ధమున తంజావూరి రఘునాథనాయకుడు యాచమునికి తోడ్పడెను. మధుర, జింజి నాయకులు జగ్గరాయని పక్షము వహించిరి. జగ్గరాయడు కూలెను, రామదేవుడు రాజయ్యెను. న్యాయమైన పక్షమే గెలిచినను, నాయకులపై రాయల యధికారము మరల మునుపటివలె నిలువలేదు.

వారసుని నిర్ణయము రాజు నోటిమాటపై నాధారపడినచో నిట్టివి తప్పవు. ఇంగ్లండులో 1701 నాటి శాసనము పట్టపు క్రమమును వ్రాతలో నిలిపినది. అచ్చటను తమ్ముడు అక్కను దాటి రాజగు పద్ధతి చిరకాలము సాగి, 2013 నాటి చట్టముచే మారినది. 2011 అక్టోబరు 28 తరువాత పుట్టినవారి కది వర్తించును. నాటి మద్రాసు రాజధానిలో పెద్ద జమీందారీలు ముక్కలు గాకుండ 1904 లో చట్టము చేసిరి. ఎస్టేటు ఒక్కనికే దక్కును, తమ్ములకు మనోవర్తి మాత్రమే. 1948 లో జమీందారీల రద్దు చట్టము వచ్చిన పిమ్మట ఆ యొక్కనికిని మిగిలినది సొంత యాస్తియే గాని యేలుబడి గాదు.