నాలుగు కిలోబైట్లలో ఒక సంతకం

1977లో అమెరికాలోని అటారీ సంస్థ, ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేమ్ యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. తర్వాత అటారీ 2600గా పేరుపడిన ఆ పెట్టెలో తాత్కాలిక మెమరీ 128 బైట్లే. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో మీరు చదువుతున్న ఈ వాక్యం కూడా అందులో పట్టదు. ఆటలు విడిగా క్యాట్రిడ్జ్‌లలో వచ్చేవి. మొదట్లో ఒక్కో దాంట్లో 2 లేదా 4 కిలోబైట్ల చిప్ ఉండేది. ఫ్యాక్టరీలో చిప్ తయారయ్యాక అందులో ఒక్క బైటు మార్చాలన్నా కుదరదు.

ఆట ఆలోచన, బొమ్మలు, శబ్దాలు, ప్రోగ్రామింగ్ అన్నీ సాధారణంగా ఒక్కరే చూసుకునేవారు. అయినా ఆట అట్టపెట్టె మీద వాళ్ల పేరు వేసేవారు కాదు. ఎన్ని కాపీలు అమ్ముడైనా జీతం తప్ప రాయల్టీ లేదు. ఇది సహించలేక 1979లో నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చేసి యాక్టివిజన్ సంస్థ స్థాపనలో భాగమయ్యారు. అటారీలోని మరో ప్రోగ్రామర్ వారెన్ రాబినెట్ మాత్రం తన నిరసనను ఆటలోనే పెట్టాడు.

స్టాన్‌ఫర్డ్‌లోని పెద్ద కంప్యూటర్ మీద ఆయన 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' ఆడాడు. అందులో బొమ్మలుండవు, గుహలూ నిధులూ అన్నీ వాక్యాల్లోనే. దానికి వందల కిలోబైట్లు కావాలి. దాన్ని 4 కిలోబైట్లలోకి తేవడం అయ్యే పని కాదని పై అధికారి వారించినా, రాబినెట్ కోటలు, డ్రాగన్లు, తాళంచెవులతో 'అడ్వెంచర్' తయారుచేశాడు. గదిలో ఉన్న వస్తువుల్లో రెండింటినే యంత్రం ఒకేసారి చూపగలదు. మూడోది వస్తే వంతులవారీగా చూపాలి, అందుకే బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి.

సంతకానికి ఆయన వాడుకున్నది ఈ లోపాన్నే. నల్లకోట చిక్కుదారుల్లో వంతెన వేస్తే తప్ప చేరలేని ఒక మూసిన గది ఉంది. అక్కడి నేల రంగులోనే ఉన్న బూడిదరంగు చుక్క కంటికి ఆనదు. దాన్ని పట్టుకుని పసుపుకోట దిగువన కుడిపక్క గదికి వచ్చి, మరో రెండు వస్తువులనూ అక్కడికి చేరిస్తే గోడ మిణుకుమంటుంది, దాని గుండా దాటిపోవచ్చు. అవతలి గదిలో రంగులు మారుతూ నిలువునా అక్షరాలు: దీని సృష్టికర్త వారెన్ రాబినెట్ అని.

తోటివారికి కూడా చెప్పకుండా కోడ్ అప్పగించి ఆయన ఉద్యోగం మానేశాడు. 1980లో సాల్ట్ లేక్ సిటీకి చెందిన 15 ఏళ్ల కుర్రాడు ఆ గదిని కనిపెట్టి అటారీకి ఉత్తరం రాశాడు. ఆ గదిని తీసేయాలంటే చిప్ మళ్లీ తయారుచేయించాలి, అది ఖర్చుతో కూడిన పని. పైగా ఈస్టర్ నాడు పిల్లలు గుడ్లు వెతుక్కున్నట్టు ఆడేవాళ్లు ఇలాంటివి వెతుక్కుంటే బాగుంటుందని అక్కడి అధికారి స్టీవ్ రైట్ భావించాడు. 'ఈస్టర్ ఎగ్' అనే మాట అలా ఆటల లోకంలో స్థిరపడింది. నిజానికి 1977 నాటి 'స్టార్‌షిప్ 1' అనే ఆటలోనూ అలాంటి రహస్య సందేశం ఉందని 2017లో బయటపడింది.

కీర్తన చివరి చరణంలో వాగ్గేయకారుడు తన ముద్రను బాహాటంగా వేస్తాడు. రాబినెట్‌కు ఆ వీలు లేకపోయింది. ప్రతి బైటునూ పొదుపుగా వాడాల్సిన చోట, దాదాపు 5 శాతం మెమరీని ఆయన తన పేరుకు కేటాయించాడు. శ్రమకు గుర్తింపు ఎంత అవసరమో చెప్పడానికి ఆ లెక్క చాలు. చేసినవాళ్ల పేరు చేసిన వస్తువు మీద ఉండాలి, అది సంస్థ చూపే దయ కాదు, వాళ్ల హక్కు.