కుర్చీకి తగిలించిన సంచి

ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలు చెప్పిరి. నేడు స్త్రీలకును ఉద్యోగములున్నవి గనుక ఆ లక్షణము ఉభయులకును చెందినది. పని చేయకుండ జీతము పుచ్చుకొను లక్షణమును అట్లే.

కచ్చేరీలో మనిషి లేకున్నను కుర్చీకి సంచి తగిలించియున్నచో ఆయన హాజరైనట్లే లెక్క. బల్లమీద కళ్లజోడును, విప్పిన దస్త్రమును ఉన్నచో ఇక సందేహమే లేదు. "ఇప్పుడే ఇక్కడనుండి లేచిరి" అని చెప్పుటకు ప్రక్కబల్ల గుమాస్తా సిద్ధము. రేపు ఈయనకొఱకు ఆయన చెప్పవలెను గదా! పూర్వము సంతకము చేయువారు లేరనెడివారు; ఇప్పుడు సర్వరు పనిచేయుట లేదనుచున్నారు. మనిషియైనచో ఎదురు చెప్పును, పాపము సర్వరు చెప్పజాలదు.

సోదరీమణులారా, ఈ విద్య సోమరులకు అబ్బునది కాదు. హాజరుపట్టీకి బదులు వేలిముద్రల యంత్రము వచ్చినను దానికిని ఉపాయము పుట్టినది. 2013లో బ్రెజిల్ దేశమున, సావోపాలో సమీపమున, ఒక వైద్యురాలు తోడివారి వేళ్లవంటివి సిలికానుతో చేసిన ఆఱింటిని దగ్గఱ నుంచుకొని, రాని వైద్యులకు హాజరు వేయుచు పట్టుబడెను. ఇంత ఓపిక రోగులపై చూపినచో ఎంత బాగుండెడిది!

మనవారును తక్కువవారు కారు. కేంద్ర ప్రజాపనుల శాఖలో ఒక ఇంజనీరు 1990 డిసెంబరులో సెలవుపై వెళ్లి మరల రాలేదు. 1992లోనే విచారణ జరిగినను, ఆయనను తొలగించినది 2015 జనవరిలో, వెంకయ్యనాయుడుగారు ఆ శాఖకు మంత్రిగా నున్నప్పుడు. పోయినవాడు ఒక్కడు, పోయెనని తేల్చుటకు కచ్చేరికి ఇరువదినాలుగేండ్లు పట్టెను. ఇందులో ఎవరిది పైచేయియో పాఠకురాండ్రే నిర్ణయింతురు గాక.

నవ్వుకొంటిమి సరే. బల్లకు ఈవలిప్రక్క కూర్చున్నది ఎవరు? వితంతు పింఛనుకొఱకు ఆనాటి కూలి మానుకొని, బస్సుకు చార్జీ పెట్టుకొని వచ్చిన ఇల్లాలు. ఆమె ఆ సంచినే చూచుచు సాయంకాలమువఱకు కూర్చుండి, "రేపు రమ్మ" నిపించుకొని పోవును. ఆ రేపటికిని కూలి పోవును.

ఆమెవంటివారికి 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. "నా అర్జీ ఎవరి బల్లమీద, ఎన్నాళ్లుగా ఉన్నది?" అని వ్రాసి అడిగినచో 30 దినములలో బదులీయవలెను. కారణము లేక జాప్యము చేసిన అధికారికి సమాచార కమీషను దినమునకు 250 రూపాయల వంతున, 25,000 వఱకు జరిమానా వేయవచ్చును. అది ఆయన జేబునుండియే పోవును. దారిద్ర్యరేఖకు దిగువ నున్నవారికి రుసుము లేదు. వ్రాయుటకు ప్రత్యేకమైన పత్రమును అక్కఱలేదు, పిల్లల నోటుపుస్తకములోని కాగితము చాలును.